మూడో చక్రం

నాకు స్కూటర్ నడపడం రాదు.

నలభయ్యేడేళ్ల మగవాడు ఈ మాట నలుగురిలో చెప్పుకోవడం ఎంత కష్టమో తెనాలిలో పుట్టి పెరిగిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్లో మీసం రాకముందే స్కూటర్ వస్తుంది. ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ చదివి, నాలుగు దేశాల బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ సలహాలు ఇస్తూ, బజారుకి వెళ్లి కరివేపాకు తేవాలంటే ఆటో ఎక్కే మనిషిని మా వాళ్లు ఎలా చూస్తారో మీరే ఊహించుకోండి.

అందుకే దోహా నాకు బాగా నచ్చింది. 2008లో వచ్చాను. ఇక్కడ అందరిదీ కారు బతుకే. ఎడమ చేతి పక్క స్టీరింగు, రౌండెబౌట్లు, వెనకనించి లైట్లు కొట్టే లాండ్‌క్రూజర్లు, వీటికి అలవాటు పడటానికి ఆరు నెలలు పట్టింది గానీ, ఆ తర్వాత "మీకు బండి రాదా?" అని అడిగిన వాడు లేడు. మా ఆవిడ కూడా ఆ సంగతి మర్చిపోయింది. నేనే మర్చిపోలేదు.

మొన్న నవంబరులో ఓ శుక్రవారం పొద్దున కార్నిష్‌లో నడుస్తున్నాం, నేను, మా ఆవిడ, మా అమ్మాయి. ఎండ తగ్గిందంటే చాలు, ఇక్కడ మోటారుసైకిళ్లన్నీ షెడ్లలోంచి బయటికొస్తాయి. వేసవిలో నలభై అయిదు డిగ్రీల వేడిలో సరదాకి బండి ఎక్కేవాడు ఉండడు. అప్పుడు కనిపించేదల్లా పొట్ట కోసం ఎక్కే డెలివరీ కుర్రాళ్లే. నవంబరు నించి మార్చి దాకా మాత్రం శుక్రవారాలు పెద్ద బైకులవి. ఇక్కడి వాళ్లు మోటారుసైకిళ్లని "బతాబిత్" అంటారు. ఆ పేరుతో రైడర్ల సంఘం కూడా ఉంది. మన వైపు పాతకాలం వాళ్లు "ఫట్‌ఫటీ" అన్నట్టే, అదీ చప్పుడులోంచి పుట్టిన పేరే. ఏ దేశం వాడి చెవికైనా మోటారుసైకిల్ ఒకలాగే వినిపిస్తుంది కాబోలు అనుకున్నాను.

ఆ వరసలో ఓ వింత బండి వచ్చింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మధ్యలో గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చున్న మనిషి.

"డాడీ, ఆటోని తిరగేసినట్టుంది!" అంది మా అమ్మాయి.

దాని బుర్రకి తెలిసిన మూడు చక్రాల బండి మా తెనాలి ఆటో ఒక్కటే. కానీ అది అన్న మాట అక్షరాలా నిజం. బండి దగ్గరికొచ్చి ఆగింది. హెల్మెట్ తీస్తే మా క్లయింట్ ఆఫీసులో పనిచేసే లెబనాన్ ఆయన! నాకంటే పదేళ్లు పెద్ద. సెక్యూరిటీ ఆడిట్ మీటింగుల్లో ఎప్పుడూ దిగులుగా కనిపించే మనిషి ఆ పూట పదహారేళ్ల కుర్రాడిలా ఉన్నాడు.

కరక్ చాయ్ తాగుతూ తన సంగతి చెప్పాడు. ఇరవై ఏళ్లు పెద్ద బైకు నడిపాడట. మోకాలికి ఆపరేషన్ అయ్యాక సిగ్నల్ దగ్గర ఆగి కాలు కింద పెట్టాలంటే భయం పట్టుకుంది. బండి కదులుతున్నంతసేపూ బాగానే ఉండేది. ఆగినప్పుడే భయం. రెండుసార్లు ఆగి ఉన్న బండితో పాటు పక్కకి ఒరిగి పడ్డాడు. అమ్మేద్దామనుకుంటుంటే ఈ మూడు చక్రాలది కనబడింది.

"నువ్వు నడుపుతావా?" అని అడిగాడు.

"నాకు రాదు" అన్నాను, అలవాటుగా.

మా ఆవిడ నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

* * *

రాదు అన్నది అబద్ధం. వచ్చేది.

మా నాన్నకి బజాజ్ చేతక్ ఉండేది. ఆ తరం వాళ్లందరికీ తెలుసు, దాని ఇంజను కుడి పక్కన వేలాడుతుంది. బరువంతా అటే. గేర్లు ఎడమ చేతిలో, వెనక బ్రేకు కుడి కాలి కింద. పొద్దున స్టార్ట్ కాకపోతే ఓ పక్కకి వాల్చి, కాసేపాగి, నిటారుగా నిలబెట్టి కిక్ కొట్టాలి. మా నాన్న దాన్ని వాల్చే తీరు చూస్తే పసిపిల్లాడికి ఉగ్గు పోస్తున్నట్టుండేది. 1996 వేసవిలో నాకు పద్దెనిమిది నిండి, లైసెన్సు వచ్చిన పదిహేనో రోజున, బండి తాళాలు నా చేతికిచ్చి, "చెల్లెల్ని ట్యూషన్ దగ్గర దింపిరా" అన్నాడు.

అప్పటికి మా చెల్లెలికి పద్నాలుగేళ్లు. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఓ పక్కకే కూర్చునేవారు, కాళ్లు రెండూ ఎడమ వైపు వేలాడేసి. కాలవ వంతెన దిగగానే మలుపు. ఇసుక లారీ ఏదో వెళ్లినట్టుంది, మలుపులో పల్చగా ఇసుక పరుచుకుని ఉంది. నేను చూశాను. చూసి, భయపడి, హ్యాండిల్ తిప్పి ఉండగానే ముందు బ్రేకు పట్టాను. కొత్తవాడు ఎక్కడైనా చేసే తప్పు అది. బండి ఎడమ పక్కకి పడింది. ఆ పక్కనే దాని కాళ్లు.

నాకు మోచెయ్యి దోక్కుపోయింది. అంతే.

దానికి గుంటూరులో మూడు ఆపరేషన్లు అయ్యాయి. ఎడమ మోకాలు పూర్తిగా మడవదు. కాలు అంగుళంన్నర పొట్టి అయింది. మా నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ చేతక్‌ని అయినకాడికి అమ్మేశాడు. నేను మళ్లీ ఏ బండీ ముట్టుకోలేదు. కాలేజీలో అడిగితే "నాకు రాదు" అనడం మొదలుపెట్టాను. చెప్పగా చెప్పగా అదే నిజమైపోయింది.

* * *

మా చెల్లెలు అక్కడే ఆగిపోలేదు. డిగ్రీ చదివింది, బీఈడీ చేసింది, డీఎస్సీలో టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. పోస్టింగు దుగ్గిరాల అవతల ఓ పల్లెలో. బస్సు ఎక్కాలంటే మెట్టు ఎత్తు, షేర్ ఆటోలో కాలు ముడుచుకోవడానికి చోటుండదు. రెండేళ్లు అవస్థ పడి, చివరికి ఓ యాక్టివా కొని, విజయవాడ ఆటోనగర్‌లో దానికి రెండు పక్కలా చక్రాలు పెట్టించుకుంది. లెక్కకి నాలుగు చక్రాలైనా, మన వైపు అందరూ దాన్ని త్రీ వీలర్ అనే అంటారు. ఆర్సీలో మాత్రం దాని పేరు వేరే. 1988 మోటారు వాహనాల చట్టంలో అలాంటి బండికి పెట్టిన పేరు "ఇన్వాలిడ్ క్యారేజ్". 2019 సవరణలో ఆ మాట తీసేసి "అడాప్టెడ్ వెహికిల్" అన్నారు.

ఆ పాత ఆర్సీ నాకు ఫోనులో చూపించి నవ్వింది. "మీ కంప్యూటర్లలో తప్పు నొక్కితే వస్తుందే, ఇన్వాలిడ్ అని, అదేనా ఇదీ?" అంది.

ఇరవై ఏళ్లుగా ఆ మాటతోనే బతుకుతున్న వాణ్ని. ఇన్వాలిడ్ పాస్‌వర్డ్, ఇన్వాలిడ్ డేట్, ఇన్వాలిడ్ ఎంట్రీ. నాకు నవ్వు రాలేదు.

సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆ బండి మా వాకిట్లో, వేపచెట్టు కింద ఉండేది. నేను దాన్ని చూడకుండా తప్పుకుని లోపలికి వెళ్లేవాణ్ని. "రా అన్నయ్యా, బజారు దాకా దింపుతాను" అనేది. నేను ఆటో పిలిచేవాణ్ని. ప్రతి సెలవులోనూ ఒక్కసారైనా "నీకు కారు కొనిపెడతాను" అనేవాణ్ని. ఆటోమాటిక్ కారైతే ఎడమ కాలితో పనే లేదు కదా అని లెక్కలు చెప్పేవాణ్ని. "మా స్కూలు సందులో కారు పట్టదు" అనేది. నేను చెప్పేది కారు గురించి కాదని దానికి తెలుసు.

* * *

ఆ లెబనాన్ ఆయన వదల్లేదు. డిసెంబరు మొదట్లో తను ఉండే విల్లా కాంపౌండుకి రమ్మన్నాడు. లోపలి దారి ప్రైవేటుది, పొద్దున్నే ఖాళీగా ఉంటుంది.

నేను ఊరికే వెళ్లలేదు. ఏ పనికైనా ముందు డాక్యుమెంట్లన్నీ చదివే జబ్బు నాకుంది. వారం రోజులు మూడు చక్రాల బళ్ల గురించే చదివాను. చదివిన కొద్దీ, ఇదేదో కొత్త వింత అనుకున్న నా అమాయకత్వానికి నాకే సిగ్గేసింది. హార్లీ డేవిడ్సన్ వాళ్లు 1932లోనే సర్వీకార్ అని మూడు చక్రాలది చేసి, 1973 దాకా అమ్మారు. అమెరికాలో పోలీసులు దాని మీద తిరిగి పార్కింగ్ టికెట్లు రాసేవారు. మన ఆటోకి పూర్వీకుడు 1948లో ఇటలీలో పియాజియో చేసిన ఆపే. వీటన్నిటికీ ముందు ఒక చక్రం, వెనక రెండు.

మా అమ్మాయి అన్న "తిరగేసిన ఆటో" లో అసలు కిటుకంతా ఉంది. మలుపులో బ్రేకు వేస్తే బండి బరువు ముందుకీ, మలుపుకి బయటి వైపుకీ తోసుకొస్తుంది. ఆటోలో సరిగ్గా ఆ మూలన చక్రం ఉండదు. అందుకే ఆటోవాడు జోరుగా మలుపు తిప్పితే లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ముందు రెండు చక్రాలు పెడితే బరువు వచ్చి పడే మూలనే చక్రం కాచుకుని ఉంటుంది. కెనడాలో బీఆర్‌పీ వాళ్లు 2007లో క్యాన్-యామ్ స్పైడర్‌ని, 2018లో చవకగా, తేలికగా రైకర్‌ని ఈ పద్ధతిలోనే తెచ్చారు.

ఇందులో ఇంకో జాతి ఉంది. 2006లో పియాజియో ఎంపీ3, 2018లో యమహా నైకెన్. వీటికి ముందు రెండు చక్రాలున్నా, మలుపులో మామూలు బైకులాగే వాలుతాయి. ఎంపీ3 అయితే ఆగినప్పుడు వాలకుండా మీట నొక్కి బిగించుకోవచ్చు, కాలు కింద పెట్టక్కర్లేదు. బైకు నడపడం తెలిసి, తడిరోడ్డుకీ ఇసుకకీ భయపడే వాళ్లకి ఇవి. ఆగితే పడతామని భయపడే వాళ్లకి, కాలు సహకరించని వాళ్లకి వాలని జాతి మేలు.

మూడు చక్రాలుంటే ఇక పడమని అనుకోవడం కూడా పొరపాటే. 1970లో హోండా వాళ్లు లావు టైర్ల మూడు చక్రాల బండి ఒకటి తెచ్చారు, మట్టిలో, ఇసుకలో తిరగడానికి. చూడ్డానికి పిల్లల సైకిల్లా ఉండేది. పెద్దా చిన్నా ఎక్కి బోల్తాపడి, ఎందరో దెబ్బలు తిని, ప్రాణాలు పోయి, చివరికి 1988 నాటికి అమెరికాలో అలాంటివి కొత్తగా అమ్మడం ఆపేశారు. ఇవాళ మిసయీద్ దగ్గర సీలైన్ ఇసుక దిబ్బల మీద మన పిల్లలు అద్దెకి తీసుకుని తిప్పేవన్నీ నాలుగు చక్రాలవే.

సరే, ఎక్కాను. సీటు నేలకి రెండడుగుల ఎత్తు కూడా లేదు. బండి దాదాపు 270 కిలోలు, ముందు చక్రాల దగ్గర ఒకటిన్నర మీటరు వెడల్పు. గేర్లు లేవు, క్లచ్ లేదు. బ్రేకు ఒక్కటే, కుడి కాలి కింద, నొక్కితే మూడు చక్రాలకీ పడుతుంది. చేత్తో పట్టే ముందు బ్రేకు లేనే లేదు. ఆ సంగతి తెలిసినప్పుడు ఏదో పెద్ద బరువు దింపినట్టయింది. నా చెయ్యి చేసిన తప్పు ఈ బండి మీద చెయ్యాలన్నా చెయ్యలేను.

మెల్లిగా కదిలాను. మొదటి మలుపులోనే చుక్కలు కనబడ్డాయి. స్కూటర్ మలుపులో లోపలికి వాలుతుంది, మన ఒళ్లూ దాంతోపాటు వాలుతుంది. ఎప్పుడో ఇరవై తొమ్మిదేళ్ల కింద నేర్చుకున్నది ఒంట్లో అలాగే ఉంది. నేను వాలాను, బండి వాలలేదు. ఎవరో భుజం పట్టుకుని బయటికి తోస్తున్నట్టుంది. హ్యాండిల్‌ని బలం పెట్టి తిప్పాల్సొచ్చింది. బైకు బాగా వచ్చిన వాళ్లే దీని మీద మొదట తికమక పడతారని ఆయన ముందే చెప్పాడు. కొత్తవాళ్లకే నయమట, మర్చిపోవలసింది ఏమీ ఉండదు కనక.

కాంపౌండు చివర, ముందురోజు షమాల్ గాలికి గోడవార ఇసుక పేరుకుని ఉంది. దాన్ని చూడగానే కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. బండి కాస్త జారి, గుంజుకుని, నిటారుగా నిలబడింది. నేనూ నిలబడ్డాను. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే వినిపిస్తోంది. ఆయన నడుచుకుంటూ వచ్చి, ఎడమ కాలి దగ్గర మీట చూపించి, "రివర్స్ వెయ్యి" అన్నాడు. వేశాను. బండి బుద్ధిగా వెనక్కి వచ్చింది.

* * *

ఆ రాత్రి మా చెల్లెలికి ఫోన్ చేశాను. కారు మాట ఎత్తకుండా ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నీ బండి మలుపులో బయటికి తోస్తుందా?" అని అడిగాను.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత మొదలుపెట్టింది. ఎంతసేపు చెప్పిందో! బండి మనతో వాలదనీ, మనమే లోపలికి వంగాలనీ. రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ పల్లానికి, కాలవ వైపుకి లాగుతూ ఉంటుందనీ, సాయంత్రానికి కుడి భుజం నొప్పెడుతుందనీ. రెండు చక్రాల వాడు గుంటని తప్పించుకుంటాడు, మూడు దారుల్లో చక్రాలున్న వాడికి ఏదో ఒకటి గుంటలో పడాల్సిందేననీ, ఏ చక్రాన్ని పడెయ్యాలో ముందే తేల్చుకోవాలనీ. పదిహేనేళ్లుగా ఇదంతా దానికి తెలుసు. మా ఇంట్లో అంత బాగా బండి గురించి తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు. నేను ఒక్కసారీ అడగలేదు.

సంక్రాంతికి వెళ్లాను. కనుమ మర్నాడు పొద్దున అది తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. సరిగ్గా మా నాన్న పెట్టినట్టే. నాన్న పోయి ఆరేళ్లయింది.

"నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటాను."

"వద్దమ్మా."

"అన్నయ్యా, ఆ రోజు సంగతి నేను ఏడాదికోసారి కూడా తలుచుకోను. నాకు స్కూలుంది, పిల్లలున్నారు, అత్తగారి షుగరుంది. నువ్వు మాత్రం నన్ను చూసినప్పుడల్లా నా కాలు కేసి చూస్తావు. నాకు అదే కష్టంగా ఉంటుంది. నా మొహం చూసి మాట్లాడు ఒకసారి."

చూశాను. దానికి కూడా చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నేను గమనించనే లేదు.

కాలవ గట్టు వెంబడి వెళ్లాం. ఇరవై దాటనివ్వలేదు నేను. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటి వెళ్లాయి. వంతెన దిగేచోట ఇప్పుడు సిమెంటు రోడ్డు వేశారు, ఇసుక ఏమీ లేదు. మలుపులో నేను లోపలికి వంగాను. వెనక అదీ వంగింది. ఆ అవతల కుడి చక్రాన్ని ఓ గుంటలో దింపాను.

"కళ్లు కనబడటం లేదా? ఎడమ చక్రం దింపితే పోయేది కదా!" అని వీపు మీద ఒక్కటి వేసింది.

తెలిసిన వాళ్ల ఇంటి సందులోకి తిప్పితే అక్కడ ట్రాక్టర్ అడ్డంగా ఉంది. వెనక్కి తియ్యాలి. నేను దిగి లాగాను. పక్క చక్రాలతో ఎంత బరువుందో అప్పుడు తెలిసింది. మామూలు స్కూటరైతే కూర్చునే కాళ్లతో తోసుకుంటూ వెనక్కి వస్తాం. "నువ్వొక్కదానివే ఉన్నప్పుడు ఎలా?" అని అడిగాను.

"స్కూల్లో అయితే పిల్లలు తోస్తారు. బజార్లో అయితే ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. అదొక్కటే నాకు చిన్నతనంగా ఉంటుంది" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "నువ్వెక్కిన ఆ బండికి రివర్స్ ఉందన్నావు కదా! దీనికి పెడతారేమో కనుక్కోరాదూ?" అంది.

ఇన్నేళ్లలో అది నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మర్నాడు విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. పెడతారు. పక్క చక్రాలు బిగించే వాళ్లే రివర్స్ కూడా బిగిస్తారు. దానికి అయిన ఖర్చు నేను దోహాలో కుటుంబంతో ఓ రాత్రి బయట తిన్నదానికంటే ఎక్కువేమీ కాదు. పదిహేడేళ్లుగా కారు, కారు అని దాని చెవులు హోరెత్తించినవాణ్ని, నీకు ఏం ఇబ్బందిగా ఉందమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

దోహా తిరిగొచ్చాక ఆ లెబనాన్ ఆయన, "కొంటున్నావా మరి?" అని అడిగాడు. ఇంకా తేల్చుకోలేదు. ఖరీదు ఎక్కువ, ఏడాదిలో నడపగలిగేది అయిదు నెలలే, మా ఆవిడ ఒప్పుకోవాలి. ముందైతే మోటారుసైకిల్ లైసెన్సు క్లాసుల్లో చేరాను. అక్కడ ఇరవై రెండేళ్ల డెలివరీ కుర్రాళ్ల మధ్య నేనొక్కణ్నే ముసలాణ్ని. ట్రైనర్ మొదటి రోజు, "ఇంతకుముందు నడిపారా?" అని అడిగాడు.

"నడిపాను" అన్నాను.